భాష గురించి పాడని గాయని

(మాతృభాషా దినోత్సవం నాటి సాయంత్రం సభలో చేసిన ప్రసంగం. రాలేకపోయిన మిత్రుల కోసం రికార్డింగు నుంచి రాసినది.)

సభకు నమస్కారం. అధ్యక్షులు నన్ను పరిచయం చేస్తూ, అంతరించిపోతున్న భాషల గురించి మాట్లాడతారు అన్నారు. ఆ మాట వినగానే ముందు వరసలో ఇద్దరు ముగ్గురు ముఖాలు దిగులుగా పెట్టుకున్నారు. నేను చూశాను. మాతృభాషా దినోత్సవం అంటే మనకు అలవాటైపోయింది కదా, ఒకరి తరువాత ఒకరు మైకు ముందుకు వచ్చి ఏడవడం. నేను ఏడవడానికి రాలేదు. పాప్ పాటల గురించి మాట్లాడటానికి వచ్చాను. డ్రమ్ములు, సింథసైజర్లు, రంగు దీపాలు, ఆ పాప్ అన్నమాట. వెనక కూర్చున్న విద్యార్థులు ఇక ఫోన్లు పక్కన పెట్టవచ్చు.

నేను చెప్పబోయే గాయని పేరు గ్వెన్నో సాండర్స్. 1981లో కార్డిఫ్‌లో పుట్టింది. కార్డిఫ్ వేల్స్ రాజధాని. బ్రిటన్ పటం ఒకసారి గుర్తు తెచ్చుకోండి. పడమటి వైపు ఉన్నది వేల్స్. దానికి దక్షిణంగా సముద్రపు పాయ దాటితే, నైరుతి మూలన సముద్రంలోకి సన్నగా చొచ్చుకుపోయిన నేల ఒకటి కనిపిస్తుంది. అది కార్న్‌వాల్. అక్కడ వెల్ష్, ఇక్కడ కార్నిష్. రెండూ ఒకే కుటుంబంలోవి. ఫ్రాన్సు వాయవ్య తీరాన మాట్లాడే బ్రెటన్ కూడా వీటికి తోబుట్టువే. ఇంగ్లిషుతో వీటికి దగ్గరి చుట్టరికం లేదు. ఇంగ్లిషు మాట్లాడేవాళ్ళు ఆ దీవిలో కాలు పెట్టకముందు నుంచీ అక్కడ ఉన్న మాటల సంతతి ఇవి.

గ్వెన్నో తండ్రి టిమ్ సాండర్స్ కార్నిష్‌లో కవిత్వం రాసే మనిషి. పిల్లలతో కార్నిష్‌లోనే మాట్లాడేవాడు. తల్లి వెల్ష్ భాషోద్యమంలో తిరిగిన మనిషి. ఇంట్లో ఒక భాష నాన్నది, ఒక భాష అమ్మది, గడప దాటితే ఇంగ్లిషు. ఇందులో విచిత్రం ఏమిటంటే, నాన్న భాష ఆ ఊళ్ళో దాదాపు ఎవరికీ రాదు. వెల్ష్ అయినా బడిలో ఉంది, టీవీలో ఉంది. కార్నిష్ ఎక్కడుంది? ఆ ఇంట్లో ఉంది, భోజనాల బల్ల దగ్గర ఉంది. అంతే.

కార్నిష్ కథ కొంచెం చెప్పాలి. త్వరగానే చెబుతాను, కంగారు పడకండి. 1549లో లండన్ ప్రభుత్వం చర్చిలో ప్రార్థనలన్నీ ఇంగ్లిషులోనే జరగాలని కొత్త ప్రార్థన పుస్తకం పంపింది. కార్న్‌వాల్ జనం తిరగబడ్డారు. మాలో కొందరికి ఇంగ్లిషే రాదు, ఈ కొత్త ఇంగ్లిషు మాకు వద్దు అని రాసి పంపారు. తిరుగుబాటును నెత్తుటితో అణిచేశారు. ఆ తరువాత భాష పడమటికి, ఇంకా పడమటికి, చివరికి సముద్రపు ఒడ్డున చేపలు పట్టే పల్లెల్లోకి జరుగుతూ పోయింది. 1777లో మౌజ్‌హోల్ అనే పల్లెలో డాలీ పెంట్రీత్ అనే చేపలమ్మే ముసలామె చనిపోయింది. కార్నిష్ మాట్లాడిన చివరి మనిషి ఆమేనని లోకం రాసుకుంది. స్మారక శిల కూడా నిలబెట్టారు.

ఈ చివరి మనిషి కథలంటే మనందరికీ ఇష్టం, అవునా? కన్నీళ్ళు పెట్టుకోవడానికి బాగుంటాయి. కానీ ఆమె చనిపోవడానికి ముందటి ఏడు, 1776లో, అదే పల్లెకు చెందిన విలియం బోడినార్ అనే చేపలు పట్టే మనిషి ఒక ఉత్తరం రాశాడు. కార్నిష్‌లోనే రాశాడు. మా ఊళ్ళో ఈ భాష మాట్లాడగలిగినవాళ్ళు నలుగురో అయిదుగురో ఉన్నారు అని అందులో ఉంది. అంటే చివరి మనిషి ఉత్తరాలు రాసే ఇరుగుపొరుగు మధ్యనే ఉంది! అయినా సరే, చివరి మనిషి కావాలి కాబట్టి ఒకరిని ఎంచుకున్నారు. ఒక భాషను చచ్చిపోయిందని ప్రకటించడానికి బయటివాళ్ళకు ఎంత తొందరో చూడండి.

తరువాత 1904లో హెన్రీ జెన్నర్ అనే ఆయన కార్నిష్ నేర్చుకోవడానికి పుస్తకం రాశాడు. అక్కడి నుంచి పునరుద్ధరణ మొదలైంది. మొదలైన కొన్నాళ్ళకే పోట్లాట కూడా మొదలైంది. దేని మీద? వర్ణక్రమం మీద. పాత నాటకాల్లో ఉన్నట్టు రాయాలా, చివరి రోజుల్లో పల్లెవాళ్ళు పలికినట్టు రాయాలా? మూడు నాలుగు పద్ధతులు, మూడు నాలుగు వర్గాలు. నవ్వకండి, గ్రాంథికమా వ్యావహారికమా అని మనవాళ్ళు ఎన్నేళ్ళు కొట్టుకున్నారో మరిచిపోయారా? వాళ్ళు 2008లో ఉమ్మడి పద్ధతి ఒకటి ఒప్పుకున్నారు. 2010లో యునెస్కో కార్నిష్ పేరును అంతరించిన భాషల పట్టికలోంచి తీసి, తీవ్ర ప్రమాదంలో ఉన్న భాషల కింద పెట్టింది. తీవ్ర ప్రమాదంలోకి వెళ్ళడం పదోన్నతి అయిన సందర్భం నాకు ఇదొక్కటే తెలుసు. 2011 జనాభా లెక్కల్లో తమ ప్రధాన భాష కార్నిష్ అని రాసుకున్నవారు ఇంగ్లండ్, వేల్స్ మొత్తంలో 557 మంది. ఎంతో కొంత నేర్చుకున్నవారు అంతకంటే చాలా ఎక్కువే. కానీ ఆ 557 మందినీ మన ఊరి కల్యాణ మండపంలో ఒక్క బంతిలో కూర్చోబెట్టి భోజనం పెట్టవచ్చు.

ఇప్పుడు పాటల దగ్గరికి వద్దాం.

ఈ అమ్మాయి ఏం చేసింది? పెరిగి పెద్దదై నేరుగా భాషను ఉద్ధరించడానికి బయలుదేరిందా? లేదు. పదిహేడేళ్ళ వయసులో ఐరిష్ నాట్యం చేస్తూ మైకేల్ ఫ్లాట్లీ బృందంలో చేరింది. లాస్ వేగాస్ వెళ్ళింది. అది జూదశాలల ఊరు. తిరిగి వచ్చాక ది పిపెట్స్ అనే బృందంలో చేరింది. అమ్మాయిలు చుక్కల గౌన్లు వేసుకుని, 1960ల నాటి పద్ధతిలో ఇంగ్లిషు పాప్ పాడే బృందం. 2006లో వాళ్ళ మొదటి ఆల్బమ్‌కు బాగానే పేరు వచ్చింది. పాప్ అంటే ఏమిటో, జనం ఎక్కడ ఊగుతారో, ఎక్కడ చప్పట్లు కొడతారో ఆమె అక్కడ నేర్చుకుంది. నాకు ఇది ముఖ్యమైన సంగతి. భాషాభిమానం ముందు వచ్చి పాట తరువాత వస్తే ఆ పాట ఎలా ఉంటుందో మనకు తెలుసు. మనం ప్రతి ఏటా వింటున్నాం. ఈమెకు ముందు పాట కట్టడం వచ్చింది.

సొంతంగా ఆల్బమ్ చేయాలనుకున్నప్పుడు వెల్ష్‌లో చేసింది. 2014లో కార్డిఫ్‌లోని చిన్న సంస్థ ఒకటి విడుదల చేసింది, మరుసటి ఏడు హెవెన్లీ అనే పెద్ద సంస్థ మళ్ళీ విడుదల చేసింది. పేరు అ దీద్ ఓలావ్, చివరి రోజు అని. ఆ పేరు ఓవైన్ ఓవైన్ అనే వెల్ష్ రచయిత 1976లో ప్రచురించిన నవలది. ఆయన శాస్త్రవేత్త, భాషోద్యమంలో కూడా ఉన్నాడు. నవల ఏమిటంటే, యంత్రాలు లోకాన్ని పట్టుకుంటాయి, మనుషులను ఒక్కొక్కరిగా లొంగదీసుకుంటాయి. కథానాయకుడు రహస్యంగా దినచర్య రాసుకుంటాడు. ఆ యంత్రాలకు చిక్కకుండా ఎలా రాశాడు? వెల్ష్‌లో రాశాడు. యంత్రాలకు వెల్ష్ రాదు!

ఎంత బాగుంది చూడండి. చిన్న భాష అనేది లోపం కదా, ఆ లోపమే ఇక్కడ ఆయుధం. అయితే ఒక చిక్కు. ఇప్పుడైతే మీ ఫోను వెల్ష్ చదివేస్తుంది, అనువాదం కూడా చేసి పెడుతుంది. ఆ కథానాయకుడు ఇవాళ ఉంటే దొరికిపోయేవాడు. కార్నిష్‌లో రాసుకుని ఉంటే ఇంకొన్నాళ్ళు తప్పించుకునేవాడేమో. అది పక్కన పెడదాం. ఆ ఆల్బమ్‌లో పితృస్వామ్యం అని పేరున్న పాట ఉంది, విప్లవం అని పేరున్న పాట ఉంది, చివర ఒక్క పాట మాత్రం కార్నిష్‌లో ఉంది, తండ్రి కవిత ఆధారంగా చేసినది. 2015లో దానికి వెల్ష్ మ్యూజిక్ ప్రైజ్ వచ్చింది. వెల్ష్ రానివాళ్ళు కూడా విన్నారు, ఎందుకంటే చెవికి బాగుంది.

తరువాత 2018లో లె కోవ్ వచ్చింది. మొత్తం కార్నిష్‌లో. ఒక్క ఇంగ్లిషు పాట లేదు, ఒక్క వెల్ష్ పాట లేదు. కార్న్‌వాల్‌లో, బ్రెటన్ మాట్లాడే బ్రిటనీలో సముద్రంలో మునిగిపోయిన నగరాల కథలు ఉన్నాయి. లయొనెస్ అని, కేర్ ఈస్ అని. మన ద్వారకలాంటివే. ఆమె ఆ నగరాన్ని ఊహించుకుంది. అక్కడ అందరూ కార్నిష్ మాట్లాడుకుంటూ మామూలుగా బతుకుతున్నారు. మామూలుగా అన్న మాట పట్టుకోండి. నేను ఈ సాయంత్రం చెప్పదలచుకున్నదంతా ఆ మాటలోనే ఉంది.

మీరు ఆ ఆల్బమ్ చేసేవారైతే ఏం రాస్తారు? నిజం చెప్పండి. 557 మంది ఉన్న భాషలో, ప్రపంచం వినబోయే ఆల్బమ్. ఓ మా తల్లీ, నీ తీయని పలుకు అని మొదలుపెడతారు. నేనూ అలాగే మొదలుపెడతాను. ఆమె ఏం రాసింది? ఎండలో ట్రాఫిక్ జామ్ గురించి రాసింది. సెలవులకు వచ్చే కార్లతో కార్న్‌వాల్ రోడ్లు ఎలా ఉంటాయో అక్కడివాళ్ళకు తెలుసు. అందులో వేల్స్ గాయకుడు గ్రఫ్ రీస్ కూడా గొంతు కలిపాడు. కంప్యూటర్ అని పేరు పెట్టి ఇంకో పాట రాసింది. ఆ పైన, చీజ్ గురించి ఒక పాట.

అవును, చీజ్. ఏజ్ కేజ్ అని ఆ పాట పేరు. చీజ్ ఉందా అని అర్థం. కార్నిష్‌లో పాతకాలం నుంచి మిగిలిన పలుకు ఒకటి ఉంది. చీజ్ ఉందా? ఉందా, లేదా? ఉంటే చీజ్ తీసుకురా, లేకపోతే ఉన్నదేదో తీసుకురా. అంతే, అదే మాట. వెనక డ్రమ్ములు దంచుతూ ఉంటే ఆమె ఆ ప్రశ్ననే మళ్ళీ మళ్ళీ అడుగుతుంది. ఆల్బమ్ మొత్తంలో జనం నోట ఎక్కువగా పడిన పాట అదే. భాష రానివాళ్ళు కూడా ఏజ్ కేజ్ అంటారు.

ఇది తేలికపాటి పని అనిపించవచ్చు. ప్రాణం మీదికి వచ్చిన భాషలో చీజ్ పాట ఏమిటండీ అని మీలో పెద్దలు కొందరు అనుకుంటూ ఉండవచ్చు. అక్కడ కూడా కొందరు అనుకునే ఉంటారు. నా అభిప్రాయం వేరు. భాష గురించి పాడే పాట ఎవరి కోసం? ఆ భాష బతకాలని ముందే ఒప్పుకున్నవాళ్ళ కోసం. వాళ్ళు వింటారు, తల ఊపుతారు, ఇంటికి వెళ్తారు. ఆ పాట ఇంకో పనికి రాదు. ఆకలి వేసిన మనిషి దాన్ని పాడుకోలేడు, ప్రేమలో పడిన మనిషి పాడుకోలేడు, రోడ్డు మీద ఇరుక్కుపోయిన మనిషి పాడుకోలేడు. చిన్న భాషకు మనం ఒక్కటే విషయం మిగులుస్తాం, దాని చావు. దాని గురించి మాత్రమే మాట్లాడనిస్తాం. ఇంగ్లిషు ఎప్పుడైనా తన గురించి తాను పాడుకుంటుందా? దానికి వేరే పనులు ఉన్నాయి. గ్వెన్నో చేసింది అదే, కార్నిష్‌కు వేరే పనులు అప్పజెప్పింది.

ఆమెకు రాజకీయం లేదనుకోకండి. చాలా ఉంది. లె కోవ్‌లోనే యూరప్ నుంచి విడిపోవాలన్న ఓటు తరువాతి ఒంటరితనం మీద పాట ఉంది. 2022లో ట్రెసోర్ అనే మూడో ఆల్బమ్ వచ్చింది, అదీ దాదాపు అంతా కార్నిష్‌లోనే. తల్లితనం, ఆడదానిగా ఉండటం, లోపలి గదులు, ఇవన్నీ దానిలో విషయాలు. అది బ్రిటన్‌లో పెద్దదైన మెర్క్యురీ బహుమతి తుది జాబితా దాకా వెళ్ళింది. అందులో ఒక్క పాట వెల్ష్‌లో ఉంది. వేల్స్ అమ్మకానికి లేదు అనే పాత నినాదం ఆ పాటకు పేరు. దేని మీద ఆ నినాదం? ఇళ్ళ మీద. డబ్బున్నవాళ్ళు సముద్రపు ఒడ్డు పల్లెల్లో సెలవుల ఇళ్ళు కొంటారు, ధరలు పెరుగుతాయి, అక్కడ పుట్టిన కుర్రవాడికి అద్దె ఇల్లు కూడా దొరకదు, పట్నం వెళ్ళిపోతాడు. శీతాకాలంలో ఆ వీధుల్లో దీపాలు వెలగవు. అప్పుడు ఆ ఊళ్ళో వెల్ష్ ఎవరు ఎవరితో మాట్లాడాలి? వేల్స్‌లోనూ ఇదే బాధ, కార్న్‌వాల్‌లోనూ ఇదే బాధ. చూశారా, రాజకీయం పాడినప్పుడు కూడా ఆమె భాష తీపి గురించి పాడలేదు. ఇంటి ధర గురించి పాడింది.

ఇక అందరూ అడిగే ప్రశ్న. పాటతో భాష బతుకుతుందా? లె కోవ్ వచ్చిన ఏడు కార్నిష్ పరీక్షలు రాసినవారు పదిహేను శాతం పెరిగారని పత్రికలు రాశాయి. సంతోషమే. కానీ నేను లెక్కల మాస్టారి కొడుకుని, శాతం అనగానే దేనిలో శాతం అని అడుగుతాను. మొదటి సంఖ్యే చిన్నది. నాకు అందులో నమ్మకం లేదని కాదు, పాట మీద మోయలేని బరువు పెట్టవద్దంటున్నాను.

వేల్స్‌ను చూడండి. 1962లో సాండర్స్ లూయిస్ అనే రచయిత రేడియోలో ప్రసంగం చేశాడు. మన గాయనికి బంధువు కాడు, పేరు కలిసింది, అంతే. భాష గతి ఏమిటి అని ఆ ప్రసంగం. ఆ ఏడే వెల్ష్ భాషా సంఘం పుట్టింది. కుర్రవాళ్ళు ఇంగ్లిషు రోడ్డు బోర్డుల మీద రంగు పూశారు, జైలుకు వెళ్ళారు. 1969లో డాఫిద్ ఇవాన్, ఆయన మిత్రులు కలిసి సైన్ అనే రికార్డుల సంస్థ పెట్టారు. వెల్ష్‌లో పాటలు రావాలంటే వెల్ష్‌లో రికార్డులు వేసే సంస్థ కావాలి కదా! 1977లో వెల్ష్ రేడియో వచ్చింది. 1980లో గ్విన్‌వోర్ ఎవాన్స్ అనే నాయకుడు వెల్ష్ టీవీ ఛానల్ ఇవ్వకపోతే ఆమరణ నిరాహార దీక్ష చేస్తానన్నాడు. మార్గరెట్ థాచర్ ప్రభుత్వం దిగి వచ్చింది, 1982లో ఛానల్ వచ్చింది. పొట్టి శ్రీరాములు గారి నేల మీద దీక్ష అంటే ఏమిటో నేను విడమరచి చెప్పనక్కర్లేదు.

డబ్బు సంగతి కూడా వాళ్ళు వదల్లేదు. రేడియోలో పాట వేసినప్పుడు పాట కట్టినవాళ్ళకు వచ్చే చెల్లింపులు బాగా తగ్గిపోతే, వెల్ష్ పాటగాళ్ళు ఎయోస్ అనే సొంత సంస్థ పెట్టుకుని, 2013 జనవరిలో తమ పాటలు వేయడానికి వీల్లేదన్నారు. వేల పాటలు ఆగిపోయాయి. వెల్ష్ రేడియోలో కొన్ని వారాల పాటు వెల్ష్ పాటలకు కరువు వచ్చింది! భాష మీద ప్రేమ ఉంది కదా, ఉత్తినే పాడండి అంటే కుదరదన్నారు. నాకు ఇది చాలా నచ్చింది. మన సభలకు కవులను పిలిచి శాలువా కప్పి బస్సు చార్జీ కూడా ఇవ్వకుండా పంపే అలవాటు ఉన్నవారు ఇక్కడ ఎవరైనా ఉంటే, అధ్యక్షుల వైపు నేను చూడటం లేదు.

కార్నిష్‌కు ఇవేవీ లేవు. ఛానల్ లేదు, రోజంతా సాగే రేడియో లేదు. 2016లో లండన్ ప్రభుత్వం కార్నిష్‌కు ఏటా ఇచ్చే లక్షా యాభై వేల పౌండ్లు కూడా ఆపేసింది. ఒక దేశ ప్రభుత్వానికి అది ఎంత? అందుకే అంటున్నాను, వెల్ష్‌లో పాడటం వేరు, కార్నిష్‌లో పాడటం వేరు. వేల్స్‌లో పాట వెనక బడి ఉంది, చట్టం ఉంది, 2021 లెక్కల ప్రకారం అయిదు లక్షల ముప్ఫై ఎనిమిది వేల మంది ఉన్నారు. కార్న్‌వాల్‌లో పాట ఒక్కతే ముందు నడవాలి.

మరి తెలుగు? మీరు అడగకముందే చెబుతాను. ఇవాళ ఇక్కడికి వచ్చిన వక్తలు ముగ్గురూ తెలుగును కార్నిష్ పక్కన నిలబెడతారని నాకు తెలుసు. దయచేసి నిలబెట్టకండి. 2011 లెక్కల్లో తెలుగు తల్లిభాషగా ఉన్నవారు ఎనిమిది కోట్లకు పైనే. మనకు ప్రభుత్వాలు ఉన్నాయి, సినిమాలు ఉన్నాయి, మన పాట జపాన్‌లో కూడా వింటున్నారు. మన ఇబ్బందులు మనకు ఉన్నాయి, బడిలో మాధ్యమం మీద మన పోట్లాట న్యాయమైనదే. కానీ ఈ కథలో మనం కార్న్‌వాల్ కాదు. సవర, గోండి, కోలామి, కోయ మాట్లాడే పిల్లవాడి వైపు నుంచి చూస్తే, బడిలో, బస్సులో, ఆసుపత్రిలో ఎదురుగా నిలబడిన పెద్ద భాష మనదే. అక్కడ ఇంగ్లిషు ఎక్కడ ఉందో ఇక్కడ మనం అక్కడ ఉన్నాం. ఇది వినడానికి బాగుండదు, తెలుసు.

గిడుగు రామమూర్తి గారు దీన్ని చాలా ముందే చూశారు. పర్లాకిమిడిలో పాఠాలు చెబుతూ సవర నేర్చుకున్నారు, సొంత డబ్బుతో సవర పిల్లలకు బడులు నడిపారు, 1931లో సవర భాషా వ్యాకరణం అచ్చయింది. ఆయన పుట్టినరోజును మనం తెలుగు భాషా దినోత్సవంగా చేసుకుంటాం, ఆ రోజు సవర మాట ఎవరి నోటా రాదు. ఆదిలాబాద్ జిల్లా గుంజాలలో దొరికిన గోండి లిపికి 2018లో కంప్యూటర్ల ప్రమాణంలో చోటు దొరికింది. మంచిదే. ఇప్పుడు ఆ లిపిలో ఏం రాస్తారు? అడవి తల్లి, అంతరించే సంస్కృతి, ఇవేనా? మనం వాళ్ళను వేదిక మీదికి పిలిచినప్పుడు కొమ్ముల టోపీలు పెట్టించి నాట్యం చేయిస్తాం. గోండిలో మోటారు సైకిల్ మీద పాట కట్టే కుర్రవాడు ఎదురైతే, ఇది మీ సంప్రదాయం కాదు బాబూ అంటాం. సంప్రదాయం కాకూడదనే కదా వాడి బాధ!

చివరగా ఒక సంగతి. 2025లో గ్వెన్నో నాలుగో ఆల్బమ్ వచ్చింది, యుటోపియా అని. ఎక్కువ పాటలు ఇంగ్లిషులో ఉన్నాయి. చాలామంది అయ్యో అన్నారు. మాకు దొరికిన ఒక్క గొంతూ పోయింది అన్నట్టు. నాకు అలా అనిపించలేదు. ఆమె అందులో లాస్ వేగాస్ రోజులు, ఇంటికి దూరంగా తిరిగిన రోజులు తలుచుకుంది. ఆ రోజులు ఇంగ్లిషులో గడిచాయి, ఇంగ్లిషులో పాడింది. ఇంట్లో గడిచినవి కార్నిష్‌లో పాడింది. కార్నిష్ పేరుతో ఆమెను బంధించి, నువ్వు జీవితాంతం మా భాషకు కాపలా కాయాలి అనడం ఏ న్యాయం? ఆ పని చేయడానికి ఇంకొందరు కావాలి, ఆమె ఒక్కతే అయితే తప్పు ఆమెది కాదు.

అధ్యక్షులు రెండోసారి గడియారం చూస్తున్నారు. సరే, మాటలు ఆపేస్తాను. చీజ్ పాట నా ఫోనులో ఉంది, సౌండ్ బాక్సుకు తగిలించమని ఆ అబ్బాయికి ముందే చెప్పాను. బాబూ, పెట్టు. కొంచెం గట్టిగానే పెట్టు.